కుప్పం హాజరుపట్టీలో మదనపల్లె మనుషులు

సహాయ కార్మిక అధికారిగా నేను మదనపల్లెలో చేరింది 2004 ఆగస్టు 9, సోమవారం. అంతకు ముందు చిత్తూరు కార్యాలయంలో పదిహేడేళ్ళు బల్ల దగ్గర కూర్చుని ఫైళ్ళు రాసినదాన్ని. మదనపల్లె, పుంగనూరు పట్టణాలు, వాటి చుట్టుపక్కల మండలాలు నా పరిధి. దుకాణాలు, హోటళ్ళు, చిన్న కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళకు ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం అందుతోందో లేదో చూడటం నా పనిలో ప్రధాన భాగం. కుప్పం నా పరిధి కాదు. అక్కడ వేరే అధికారి ఉండేవారు.

కనీస వేతనం గురించి ఒక్క విషయం ముందే చెప్పాలి. అది తెలియకపోతే తక్కినదేదీ అర్థం కాదు. ఒకే పనికి రాష్ట్రమంతటా ఒకే రేటు ఉండదు. ఊళ్ళను జోన్లుగా విడగొట్టి, పెద్ద ఊరికి ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ నిర్ణయిస్తారు. మదనపల్లె, పుంగనూరు మున్సిపాలిటీలు. కుప్పం ఎంత పెద్ద ఊరైనా ఆ రోజుల్లో పంచాయతీయే. అందువల్ల మదనపల్లెలో సరుకులు కట్టే మనిషికీ, కుప్పంలో అదే పని చేసే మనిషికీ నెలకు 286 రూపాయల తేడా ఉండేది.

2005 మే మొదటి వారంలో మదనపల్లెలో ఒక పెద్ద దుకాణం తెరిచారు. కింద కిరాణా, మొదటి అంతస్తులో బట్టలు, పైన ఫాస్ట్‌ఫుడ్. పుంగనూరులో, కుప్పంలో అదే సంస్థకు శాఖలు ఉండేవి. అద్దాల తలుపులు, చల్లని గాలి, ఎర్ర జాకెట్టు వేసుకుని తలుపు తీసే మనిషి. మన ఊళ్ళకు అది కొత్త. నేను కూడా రెండు మూడుసార్లు పప్పులు కొన్నాను.

తనిఖీకి వెళ్ళే అధికారికి యజమాని ఎదుట ఎవరూ నిజం చెప్పరు. "జీతం ఎంతమ్మా?" అని అడిగితే, "బాగుండాదమ్మా" అంటారు. అది అంకె కాదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పెద్ద దుకాణాన్ని తనిఖీ చేయాలనుకుంటే, వారం ముందు సాయంత్రం బస్టాండుకు పోయి, ఆ దుకాణం ఆడవాళ్ళు ఎక్కే పల్లె బస్సు ఎక్కేదాన్ని. టికెట్టు నా డబ్బుతోనే. కార్యాలయం ఖర్చులో రాస్తే ఎందుకు పోయావని అడుగుతారు, చెప్తే పదిమందికి తెలుస్తుంది.

అలా 2007 ఫిబ్రవరి 20న నిమ్మనపల్లె బస్సు ఎక్కాను. నా పక్కన కూర్చున్నామె పేరు నాగరత్నమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళు. పైన ఫాస్ట్‌ఫుడ్‌లో కూరగాయలు తరిగి, పిండి కలిపి, గిన్నెలు కడిగే పని. వేళ్ళకు ఉల్లిగడ్డ వాసన వస్తోందని చేతులు కొంగులో దాచుకుంది. నేనెవరో మొదట చెప్పలేదు. ఆ పైన ఏం చేసి అమ్ముతారని అడిగాను.

"నూడుల్సమ్మా. సేమ్యాకి పెద్దన్న. పురుగుల మాదిరి పొడుగ్గా ఉంటాది. దాన్ని ప్లేటు నలభైకి తింటారు జనాలు. రెండు ప్లేట్లు తింటే నా ఒక దినం కూలి ఐపాయ."

లెక్క దాదాపు సరిగ్గానే చెప్పింది. ఆమెకు చేతికి వచ్చేది నెలకు 2,300. ఇరవై ఆరు దినాలకు పంచితే రోజుకు 88 రూపాయల 46 పైసలు.

వెనక సీటులో అదే దుకాణం పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి ముందుకు వంగి, "యామక్కా, కుప్పంలో అందరూ బాగుండారా?" అంది. మిగతా ఇద్దరూ నవ్వారు. నాగరత్నమ్మ వెనక్కి తిరిగి, "నీ అత్తోళ్ళు కూడా ఆడనే గదే, నువ్వే పొయ్యి సూసి రా పో," అంది. ఈసారి బస్సులో ఇంకొందరు నవ్వారు.

ఇదేం హాస్యమని అడిగాను. ఆమె చెప్పింది: ప్రతి నెలా మొదటి తేదీ దాటాక సరుకుల వ్యానులో ఒక పుస్తకం వస్తుంది. అందులో సంతకం పెడితేనే జీతం ఇస్తారు. పుస్తకం పైన కుప్పం అని రాసి ఉంటుంది. చదువు వచ్చిన పిల్లలు చూసి చెప్పారు. అప్పటినుంచీ వాళ్ళు ఒకరినొకరు కుప్పం కోడళ్ళని పిలుచుకుంటున్నారు.

"కుప్పం యాడుండాదో నాకు తెల్దమ్మా. ఆ బస్సు యాడ నిలుస్తాదో కూడా తెల్దు. నేను ఎప్పుడూ సూళ్ళేదు."

అప్పుడు నేనెవరో చెప్పాను. ఆమె తన సంగతి చెప్పింది. భర్త మేస్త్రీ దగ్గర, గోడకు కట్టిన కొయ్యల సారువ మీద పనిచేస్తూ జారిపడి నడుము పోగొట్టుకున్నాడు. లేపి కూర్చోబెడితే కూర్చుంటాడు, తనంతట తాను పక్కకు కూడా తిరగలేడు. పగలు ఆడబిడ్డ చూసుకుంటుంది. రాత్రికి తానే చూసుకోవాలి. ఇంటి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగే జీతం పని అదొక్కటే దొరికిందని చెప్పింది. "నా పని మాత్రం పోకుండా సూడమ్మా," అంది. పోదని చెప్పాను. వాంగ్మూలం ఇస్తే మీ అందరికీ నెలకు 286 పెరుగుతుందని కూడా చెప్పాను.

ఫిబ్రవరి 27న తనిఖీకి వెళ్ళాను. అదే రోజు, అదే పూట కుప్పం శాఖను చూడమని అక్కడి అధికారికి ముందే ఫోన్ చేసి పెట్టాను. మదనపల్లె హాజరుపట్టీలో ఏడుగురి పేర్లున్నాయి. దుకాణంలో నేను లెక్కపెట్టింది ముప్పై మందిని. మేనేజరు మునిరత్నం పుంగనూరు మనిషి, మర్యాద తెలిసినవాడు. మిగిలిన ఇరవై ముగ్గురూ కుప్పం శాఖ వాళ్ళనీ, శిక్షణ కోసం వచ్చారనీ చెప్పాడు. ఎన్నాళ్ళ శిక్షణ అని అడిగాను. హాజరుపట్టీ పేజీలు తిప్పాడు. పదకొండున్నరకు కుప్పం నుంచి ఫోన్ వచ్చింది: పట్టీలో ఆ ఇరవై ముగ్గురూ హాజరు, మరో తొమ్మిది మంది కూడా హాజరు (వాళ్ళు పుంగనూరు శాఖ వాళ్ళని మరునాడు తేలింది), మనుషులు మాత్రం లేరు.

మునిరత్నం ఇక వాదించలేదు. కాఫీ తెప్పించాడు. నేను తాగలేదు. అప్పుడు అన్నాడు, కోపంగా కాదు, మెల్లగానే:

"మేడమ్, ఒక మాట అడగనా? మీ ఆఫీసులో ఊడ్సే ఆయమ్మకి మీరు నెలకి ఎంతిస్తాండారు?"

మా కార్యాలయం ఊడ్చే మనిషికి చిల్లర ఖర్చుల పద్దు నుంచి ఇచ్చేది నెలకు మూడు వందలు. రోజుకు రెండు గంటల పనే అయినా, గంటల చొప్పున లెక్కవేస్తే నేను ఆ దుకాణాన్ని అడుగుతున్న రేటు కంటే తక్కువ. ఆ లెక్క నాకు అంతకు ముందే తెలుసు. దాని గురించి పై కార్యాలయానికి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. అతనికి ఆ సంగతి చెప్పలేదు. వాంగ్మూలాలు రాసుకోవడం మొదలుపెట్టాను. నాగరత్నమ్మే మొదట చెప్పింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ చెప్పారు. ఇరవై ముగ్గురూ సంతకాలు పెట్టారు.

తనిఖీ ముగిసాక అధికారి దుకాణంలోని తనిఖీ పుస్తకంలో తాను కనుగొన్నదీ, యజమాని చేయవలసిందీ రాసి సంతకం చేయాలి. దాని నకలు కార్యాలయానికి వస్తుంది. ఆ రోజు నేను రాసింది ఇప్పటికీ నా దగ్గరుంది:

"ఈ 23 మంది పేర్లను మదనపల్లె హాజరుపట్టీలో చేర్చి మున్సిపాలిటీ రేటు చెల్లించవలెను. లేదా హాజరుపట్టీలో ఉన్న ప్రకారం వారిని కుప్పం శాఖలోనే పనిచేయించవలెను. తీసుకున్న చర్యను పదిహేను రోజుల్లో తెలుపవలెను."

రెండో వాక్యం ఎందుకు రాశానో చెప్పాలి. మనిషిని ఏ శాఖలో పెట్టుకోవాలన్నది యజమాని హక్కు. ఆ హక్కును ప్రస్తావించకుండా రాస్తే పై అధికారి ముందు వాళ్ళ వకీలు ఆ లోపాన్ని పట్టుకుంటాడని అనుకున్నాను. ఫైలులో ఖాళీ మిగలకుండా రాయడం పదిహేడేళ్ళ బల్ల పని నాకు నేర్పింది. ఇరవై ముగ్గురిని నూటపది కిలోమీటర్ల దూరం పంపితే మదనపల్లెలో దుకాణమే నడవదు కాబట్టి, వాళ్ళకు మొదటి దారి తప్ప వేరే దారి లేదని లెక్క వేశాను. మరునాడు పుంగనూరు శాఖ పుస్తకంలో కూడా అంకె మాత్రం మార్చి అదే రాశాను.

ఇరవై ముగ్గురినీ పంపనక్కర్లేదన్న సంగతి నా లెక్కలోకి రాలేదు.

మార్చి 13న, గడువుకు ఒక్క రోజు ముందు, సంస్థ జవాబు వచ్చింది. నా ఆదేశాన్ని తుచ తప్పక పాటించామని రాశారు. మదనపల్లెలో తొమ్మిది మందిని ఇక్కడి పట్టీలోకి మార్చి మున్సిపాలిటీ రేటు ఇస్తున్నారు. పద్నాలుగు మందిని పట్టీ ప్రకారం కుప్పానికి పంపుతున్నారు. పుంగనూరులో నలుగురిని అక్కడే ఉంచి, ఐదుగురిని కుప్పానికి పంపుతున్నారు. ఉంచినవాళ్ళందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళు. ఖాళీ అయిన చోట్లలో కొత్త పిల్లలను చేర్చుకున్నారు. వాళ్ళకు కూడా పూర్తి రేటే.

ఆ మరునాడు నాగరత్నమ్మ కార్యాలయానికి వచ్చింది. చేతిలో ఇంగ్లీషులో ఉన్న బదిలీ కాగితం. నేను చదివి తెలుగులో చెప్పాను. ఆమెకు అందులో ఏముందో అప్పటికే తెలుసు.

"నన్ను కుప్పం పొమ్మంటాండారమ్మా. మునిరత్నం సారుని యాల సార్ అనడిగితే, నన్ను తిట్టొద్దు, మీ మేడమే రాసిందని బుక్కు తెరిచి సూపించినాడు. మీ సంతకమేనంట గదమ్మా?"

నాదేనని చెప్పాను.

ఆమె గొంతు పెంచలేదు. "మీరు రాసింటే దానికేదో అర్థముంటాదిలే అనుకోని వచ్చినా. ఏం జెయ్యాలో సెప్పమ్మా," అంది.

చేరేటప్పుడు ఇచ్చిన నియామక కాగితం తీసుకురమ్మన్నాను. అందులో నాలుగో పేరాలో ఏ శాఖకైనా బదిలీ చేయవచ్చని ఉంది. కింద ఆమె సంతకం. ఇంగ్లీషు కాగితం మీద తెలుగు సంతకం.

నేను మదనపల్లె నుంచి చిత్తూరుకు సహాయ కార్మిక కమిషనరు దగ్గరకు మూడుసార్లు వెళ్ళాను. నా పై అధికారి ఆయన. వేతన బకాయి దరఖాస్తులు విని తీర్పు చెప్పేదీ ఆయనే. వాంగ్మూలం ఇచ్చినందుకు కక్ష సాధింపుగా బదిలీ చేశారని వాదించాను. కక్ష అయితే ఇరవై ముగ్గురూ వాంగ్మూలం ఇచ్చారు కదా, తొమ్మిది మందిని ఎందుకు ఉంచారని సంస్థ వకీలు అడిగాడు. తరువాత తనిఖీ పుస్తకం నకలు బల్ల మీద పెట్టాడు. కమిషనరు గారు అది చదివి కళ్ళద్దాలు తీసి, "దారి మీరే చూపించారు కదమ్మా," అన్నారు. ఆయన మంచి అధికారి. అన్నది నిజం.

నాగరత్నమ్మ కుప్పం వెళ్ళింది. అది ఆమె చేయగలిగిన చివరి ప్రయత్నం. రానూపోనూ బస్సు టిక్కెట్లకే రోజు కూలి కంటే ఎక్కువవుతుంది, రోజూ తిరగడం కుదరదు. శాఖ వెనక గోదాములో నలుగురు ఆడవాళ్ళకు పడుకోవడానికి చోటిచ్చారు. భర్తను రాత్రిపూట కూడా చూసుకోమని ఆడబిడ్డను ఒప్పించి ఏప్రిల్ రెండున వెళ్ళి, పదకొండు రోజులు ఉంది. ఆడబిడ్డకు తన ఇల్లు, పిల్లలు ఉన్నారు. రాత్రిళ్ళు అతన్ని పక్కకు తిప్పేవాళ్ళు లేక వీపు పుండ్లు పడిందని కబురొచ్చింది. నాగరత్నమ్మ ఆ రోజే బయలుదేరి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. వరుసగా పది రోజులు రానందువల్ల ఆమె తనంతట తానే పని మానుకున్నట్టు సంస్థ నమోదు చేసింది. చట్టప్రకారం దాన్ని తొలగింపు అనరు.

రెండు పట్టణాల నుంచి బదిలీ అయిన పంతొమ్మిది మందిలో కుప్పంలో నిలిచింది ఒకే ఒక అమ్మాయి. ఆమె పుట్టిల్లు గుడుపల్లె. ఆమె మాత్రం సంతోషించింది.

మిగిలింది బకాయి దరఖాస్తు. నాగరత్నమ్మ పనిచేసిన ఇరవై రెండు నెలలకు, నెలకు 286 చొప్పున 6,292 రూపాయలు కోరాను. ఆరు నెలల కంటే పాత బకాయిని అడగాలంటే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. తమకు రావలసింది తమకు తెలియదన్నదే ఈ పనివాళ్ళ కారణం. కమిషనరు గారు దాన్ని అంగీకరించలేదు. ఆరు నెలలకు మంజూరు చేశారు. 1,716 రూపాయలు. ఆమె ఒక నెల జీతం కన్నా 584 తక్కువ.

ఆగస్టులో ఆ డబ్బు నా కార్యాలయంలోనే ఇచ్చాను. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని రసీదు మీద సంతకం చేసింది. భర్త ఎలా ఉన్నాడని అడిగాను.

"ఉండాడమ్మా. పుండు మానుతాండాది." డబ్బు కొంగున ముడేసుకుంటూ అంది: "ఒక మాట సెప్తా, ఏమనుకోవద్దమ్మా. ఆ పొద్దు బస్సులో మీరు నా పక్కన కూసోకుండా ఉండింటే బాగుండు."

నేనేమీ అనుకోలేదు. వెళ్ళేముందు, తను ఇప్పుడు టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి పోతున్నానని చెప్పింది. పని ఉన్న పూట ఉంటుంది, లేని పూట లేదు. అక్కడ హాజరుపట్టీయే లేదు. పట్టీ లేనిచోట ఎవరికి ఎంత రావాలో నిరూపించడం మా శాఖకు దాదాపు అసాధ్యం. ఆ విషయం ఆమెకు చెప్పలేదు.

2009 జనవరిలో ఆ దుకాణాన్ని మళ్ళీ తనిఖీ చేశాను. ముప్పై నాలుగు మంది పనివాళ్ళు, పట్టీలో ముప్పై నాలుగు పేర్లు, అందరికీ మదనపల్లె రేటు. తెలుగులో నియామక కాగితాలు. పైన ఫాస్ట్‌ఫుడ్‌లో పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు పనిచేస్తున్నారు. మునిరత్నం వేరే ఊరికి మారిపోయాడు. తనిఖీ పుస్తకంలో "లోపాలు లేవు" అని రాసి సంతకం చేశాను. అలా కాక ఇంకేమీ రాయడానికి లేదు.

2011 జూన్ 30న పదవీ విరమణ చేశాను. ఈ ఉదంతం తరువాత మిగిలిన నాలుగేళ్ళూ ఏ తనిఖీ పుస్తకంలోనూ యజమానికి రెండో దారి రాయలేదు. యజమాని హక్కులు అతని వకీలుకు తెలుసు, నేను గుర్తు చేయనక్కర్లేదు. మనిషి ఎక్కడ నిలబడి పనిచేస్తున్నాడో, అక్కడ ఎంత రావాలో, అంతవరకే రాశాను. కొత్తగా ఉద్యోగంలో చేరి నా దగ్గరకు వచ్చిన ఇద్దరు అధికారులకు కూడా అదే చెప్పాను. నోటు రాసి ముగించాక దాన్ని యజమాని కళ్ళతో ఒకసారి చదవాలి. ఏ వాక్యం అతనికి పనికొస్తుందో చూసి, దాన్ని కొట్టేయాలి.

ఇలాంటి పెద్ద దుకాణాలు న్యాయమైన జీతం ఇస్తాయా అని తెలిసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన జీతం ఎంతో చట్టం చెప్పలేదు, కనీసం ఎంతో మాత్రమే చెప్పింది. ఆ కనీసాన్ని మదనపల్లె దుకాణం 2007 మార్చి నుంచి ఒక్క రూపాయి తగ్గకుండా ఇచ్చింది. దాని కోసం మొదట సంతకం పెట్టిన మనిషి ఆ జీతాన్ని ఒక్క నెల కూడా అందుకోలేదు.